ఎఫ్ 6 కెమెరాయు, దానిపై వెలువడిన తీర్పులును

లోకమునకు ఒక నూతన వస్తువు వచ్చినపుడు దానిని చేతబట్టి పరీక్షించువారికంటె దానినిగూర్చి తీర్పు చెప్పువారే ముందుగా బయలుదేరుదురు. ఈ గుణము ఒక దేశమునకు గాని, ఒక వృత్తికి గాని పరిమితమైనది కాదు. క్రొత్త పాఠ్యపుస్తకము తరగతిలోనికి వచ్చిన దినమున అట్టను మాత్రము చూచి అది కఠినమనియో సులభమనియో నిర్ణయించు బాలురను మనమెల్లరము ఎరుగుదుము. పెద్దలును ఈ విషయమున బాలురకంటె మెరుగైనవారు కారు. ఇందుకు నిదర్శనముగా ఛాయాచిత్రకారుల లోకమున జరిగిన ఒక సంగతిని మా చదువరుల ఎదుట నుంచి, దానినుండి మాకు తోచిన అభిప్రాయమును మనవి చేయుచున్నాము.

జపాను దేశమునందలి నికాన్ సంస్థవారు 2004వ సంవత్సరము సెప్టెంబరు మాసమున ఎఫ్ 6 అను ఫిలుము కెమెరాను ప్రకటించిరి. అది వృత్తిగా ఛాయాచిత్రములు తీయువారికొరకు ఉద్దేశింపబడిన యంత్రము. ఆ వంశమునకు మూలపురుషుడైన ఎఫ్ కెమెరా 1959లో వెలువడెను. పిదప 1971లో ఎఫ్ 2, 1980లో ఎఫ్ 3, 1988లో ఎఫ్ 4, 1996లో ఎఫ్ 5 క్రమముగా వచ్చెను. యుద్ధభూములలోను, క్రీడారంగములలోను, పత్రికా విలేఖరుల మెడలలోను ఈ కెమెరాలు దశాబ్దముల తరబడి వ్రేలాడినవి. అట్టి వంశమున ఆరవది పుట్టినదన్న వార్త ఉత్సవముగా నుండవలసినది. కాని అది పుట్టిన కాలము వేరు.

ఆ కాలమెట్టిదో కొంచెము వివరింతుము. ఆ సంవత్సరము జనవరిలోనే కొడాక్ సంస్థవారు అమెరికా, కెనడా, పశ్చిమ ఐరోపా దేశములలో ఫిలుము నింపి వాడెడి కెమెరాలను ఇక అమ్మబోమని ప్రకటించియుండిరి. పత్రికలకు చిత్రములు పంపువారిలో అనేకులు అప్పటికే డిజిటల్ కెమెరాలకు మారిపోయిరి. నికాన్‌వారు సైతము అదే సెప్టెంబరులో డీ 2 ఎక్స్ అను డిజిటల్ కెమెరాను గూడ ప్రకటించిరి. అది ఒక్కొక్క చిత్రమును కోటి ఇరువది లక్షలకు పైబడిన బిందువులతో కూర్చునట్టిది. ఆ మాస చివర జర్మనీ దేశమున కొలోను నగరములో ప్రారంభమైన ఫోటోకీనా ప్రదర్శనమునాటికి ఛాయాచిత్రకారుల సంభాషణయంతయు డిజిటల్ యంత్రములను గూర్చియే యుండెను. ఊరందరిది ఒక దారి యైనచో ఉలిపికట్టెది ఒక దారి యన్నట్లు, అట్టి సమయమున ఎఫ్ 6 బయటికి వచ్చెను.

దానిపై వెలువడిన తీర్పులను మేము మూడు విధములుగా విభజించుచున్నాము.

మొదటి వర్గమువారు ఇది వ్యర్థప్రయాసమనిరి. సాయంకాలము జరిగిన పందెము యొక్క చిత్రము కొన్ని నిమిషములలో పత్రికా కార్యాలయమునకు చేరవలసియున్నపుడు, ఫిలుమును చీకటిగదికి కొనిపోయి కడిగి, ఆరబెట్టి, ముద్రించుటకు తీరిక ఎక్కడిదని వారడిగిరి. ఇంత ధర పెట్టి నిన్నటి విద్యకు యంత్రము కొనువాడెవడని నవ్విరి.

రెండవ వర్గమువారు గుణదోషములను విమర్శించిరి. ఎఫ్ మొదలు ఎఫ్ 5 వరకు గల అయిదు కెమెరాలకును కన్ను పెట్టి చూచు భాగమును ఊడదీసి, వేరొక దానిని అమర్చుకొను వీలుండెను. నేలకు దగ్గరగా కెమెరానుంచి పైనుండి తొంగిచూడదలచినవారికి అది గొప్ప ఉపకారము. ఎఫ్ 6లో ఆ భాగము స్థిరముగా బిగింపబడినది. ఇది వంశాచారమును తప్పుట యని కొందరు నొచ్చుకొనిరి. ఎఫ్ 5 సెకనునకు ఎనిమిది చిత్రములు తీయగా ఎఫ్ 6 తనంతట తాను అయిదున్నర మాత్రమే తీయుననియు, ఎనిమిది కావలెనన్న వేరుగా కొనవలసిన బ్యాటరీ పిడిని తగిలింపవలెననియు ఎత్తిచూపిరి.

మూడవ వర్గమువారు దానిని చేతబట్టి మెచ్చుకొనిరి. ఎఫ్ 5 సుమారు 1,210 గ్రాముల బరువు కాగా ఇది 975 గ్రాములు మాత్రమే. దినమంతయు భుజమున మోయువానికి ఈ తగ్గుదల యొక్క విలువ తెలియును. సెకనులో ఎనిమిదివేలవ వంతు కాలము మాత్రము తెరచి మూయగల షట్టరు దీనికి గలదు. ఏ వేగమున, ఎంత వెలుతురు రంధ్రముతో ఏ చిత్రము తీయబడెనో దానిని తానే జ్ఞాపకముంచుకొనును. కోరినచో ఫిలుముపై రెండు చిత్రముల నడుమనుండు సందున ఆ లెక్కను ముద్రించును. అన్నిటికంటె ముఖ్యముగా, 1977 నాటి నుండి వచ్చిన చేతితో త్రిప్పెడి పాత కటకములను గూడ ఇది ఆదరించి, వాటితోడను వెలుతురును చక్కగా కొలుచును. ఇరువది యేడేండ్ల క్రిందట కష్టార్జితముతో కటకము కొన్నవానిని ఆ యంత్రము మరువలేదన్నమాట. ఇంతటి ఫిలుము కెమెరాను ఇదివరకు చూడలేదని వీరు పలికిరి.

ఈ మూడు తీర్పులలో ఏది న్యాయమని మమ్మడిగినచో, మొదటి రెండు వర్గములవారి మాటలలోను సత్యము లేకపోలేదని ఒప్పుకొందుము. వార్తాపత్రికకు వేగము ప్రాణము. ఆ వృత్తితో సంసారము గడుపుకొనువాడు డిజిటల్ యంత్రమును చేపట్టెనని అతనిని నిందించుట అన్యాయము. స్థిరముగా బిగించిన భాగమునుగూర్చి ఫిర్యాదు చేసినవారును ఆ సౌకర్యమును నిజముగా వాడుకొన్నవారే గనుక వారి మాటకు విలువ గలదు. వాడినవాడు చెప్పు దోషము వస్తువునకు ఉపకారమే గాని అపకారము గాదు.

మేము అభ్యంతరము చెప్పదలచినది మూడవ వర్గములోని ఒక భాగమును గూర్చియే. చదువరులకిది వింతగా తోచవచ్చును. మెచ్చుకొన్నవారిని తప్పుపట్టుటేల యందురా? మెచ్చుకొన్నవారిలో అనేకులు దానిని కొనలేదు. "ఎంత చక్కని కెమెరా! ఇది నిలిచియుండవలెను" అని పలికి, తమ ధనమును మాత్రము వేరొక యంత్రమునకు వెచ్చించిరి. ధర భారమగుటచే కొనజాలనివారిని మేమనుట లేదు. శక్తి యుండియు పొగడ్తతో సరిపెట్టుకొన్నవారినే యనుచున్నాము. కొన్నవారిలోను కొందరు పెట్టెయైన సరిగా విప్పక, రాబోవు కాలమున వెల పెరుగునని బీరువాలో దాచిరి.

పర్యవసానమేమి? 2006 జనవరిలో నికాన్‌వారు తమ ఫిలుము కెమెరాలలో ఎఫ్ 6ను, ప్రారంభకులకొరకైన ఎఫ్ ఎమ్ 10ను తప్ప తక్కినవాటిని దాదాపుగా అన్నిటిని మానివేయుదుమని ప్రకటించిరి. అటుపిమ్మట ఎఫ్ 6 పెక్కేండ్లు అమ్మకమున నిలిచి, 2020లో ముగిసెను. ముగిసెనన్న వార్త రాగానే లోకమున నలుదెసలనుండి విలాపములు బయలుదేరెను. పదునారేండ్లు దుకాణములలో దొరకిన కాలమున కన్నెత్తి చూడనివారు సైతము అయ్యో యనిరి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట యనగా ఇదియే.

ఈ సందర్భమున ఆ కెమెరాను నిజముగా పనికి పెట్టినవాని కథ యొకటి చెప్పవలసియున్నది. కొడాక్రోమ్ అను రంగుల ఫిలుము 1935లో వెలువడి, తన రంగుల నిలుకడచే లోకప్రసిద్ధి గాంచెను. కొడాక్‌వారు దానిని 2009లో మానివేసిరి. తయారైన కడపటి చుట్టను స్టీవ్ మెకర్రీ అను అమెరికను ఛాయాచిత్రకారునికి అప్పగించిరి. అందు చిత్రములు ముప్పదియారు మాత్రమే. పోయినది మరల రాదు. 2010లో ఆయన ఆ చుట్టను ఎఫ్ 6 కెమెరాలో నింపి న్యూయార్కు నగరమున ప్రారంభించి, మన దేశమునకు వచ్చి ముంబయిలోను, రాజస్థానమునందలి రబారీ జనులమధ్యను చిత్రములు తీసి, కాన్సాసు రాష్ట్రమున పార్సన్సు అను చిన్న ఊరిలో దానిని కడిగించెను. ఆ ఫిలుమును కడుగు కార్యాలయము లోకమున అప్పటికి అదియొక్కటియే మిగిలియుండెను. వేలకొలది చిత్రములను క్షణములో తీసి క్షణములో చెరపివేయగల కాలమున, ఒక మనుష్యుడు ముప్పదియారు చిత్రములకై ఖండములు దాటి, ఒక్కొక్కదానికి ముందు నిలిచి ఆలోచించెను. ఆ యంత్రము వ్యర్థమన్నవారికి ఇంతకంటె సమాధానము అక్కరలేదు.

సువార్తలోని తలాంతుల ఉపమానము మన విద్యార్థులకెల్ల సుపరిచితము. తలాంతును భూమిలో పాతిపెట్టిన దాసుడు దానిని దొంగిలింపలేదు, పోగొట్టలేదు. భద్రముగానే మరల అప్పగించెను. అయినను యజమానుడు అతనిని మెచ్చలేదు. దాచుట వేరు, వినియోగించుట వేరు. బీరువాలోని కెమెరాకును, పార్సన్సునకు ప్రయాణము చేసిన కెమెరాకును గల భేదమిదియే.

ఈ సంగతి దూరదేశపు యంత్రమును గూర్చినది గదా, మనకేమి ప్రయోజనమని తలిదండ్రులలో కొందరడుగవచ్చును. మన చుట్టును చూడుడు. చేనేత వస్త్రము శ్రేష్ఠమని సభలలో పలుకనివారు లేరు. పండుగకు బజారునకు పోయినపుడు మగ్గమును తలచువారు కొందరే. మాతృభాషా గ్రంథములు వర్ధిల్లవలెనని అందరును కోరుదురు. ఇంటిలో ఎన్ని యున్నవని లెక్కించిన చేతివ్రేళ్లు మిగులును. మన పట్టణములలో ఫోటో స్టూడియోలు ఒకటి తరువాత ఒకటి మూతపడుచుండగా, "మా చిన్ననాటి పటము అక్కడనే తీయించితిమి" అని నిట్టూర్చుచు దాటిపోవుచున్నాము. ఏ వృత్తియైనను పొగడ్తను భుజించి బ్రదుకజాలదు.

ఐతే పాతదంతయు నిలువవలెనని మా మతము కాదు. కాలమునకు తగిన యంత్రము కాలముతో వచ్చుచునే యుండును. దానిని నేర్చుకొనుట విద్యార్థి ధర్మము. ఒక వస్తువు మంచిదని నీవు మనస్సాక్షిగా నమ్మినయెడల, నీ శక్తి కొలది దానికి తోడ్పడుము; నమ్మనియెడల పొగడకుము; చేతబట్టి చూడనియెడల తీర్పు చెప్పకుము. మేము చెప్పునది ఇంతమాత్రమే. ఫిలుముపై మరల కొంత ఆదరము పుట్టి, 2022లో లైకా సంస్థవారు తమ పాత ఎమ్ 6 కెమెరాను మరల వెలువరించుటయు, 2024లో పెంటాక్స్‌వారు యువకులను ఉద్దేశించి క్రొత్త ఫిలుము కెమెరాను తెచ్చుటయు చూచినచో, కొనుట యను క్రియ ఎంత బలముగలదో తెలియును. యువజనులు పాత కెమెరాలను వెదకి కొని, ఫిలుమును వాడిరి గనుకనే ఆ సంస్థలు మరల ధైర్యము చేసినవి.

మన విద్యార్థులు ఎఫ్ 6 కొనవలెనని మేము కోరుట లేదు. అది మన యిండ్ల శక్తికి మించినది. కాని ఆ కెమెరా నేర్పెడి గుణమును వెల లేకయే అభ్యసింపవచ్చును. నేడు ప్రతి యింటను సెల్‌ఫోనున్నది. అందు వేలకొలది చిత్రములున్నవి. అవి చెడిపోయిన దినమున తాత ముఖము, అవ్వ ముఖము ఒక్కసారిగా మాయమగుచున్నవి. అట్టి ఇండ్లను మేమెరుగుదుము. కావున ఈ వేసవి సెలవులలో ఒక పని చేయుడు. ముప్పదియారు చిత్రములు మాత్రమే తీయుదునని నియమము పెట్టుకొనుడు. తీయుటకు ముందు నిలిచి చూడుడు. వానిలో కనీసము నాలుగింటిని మీ ఊరి స్టూడియోలో రొక్కమిచ్చి కాగితముపై ముద్రింపించుడు. ప్రతి పటము వెనుక అందున్నవారి పేర్లు, ఊరు, తేదీ మీ చేతివ్రాతతో వ్రాయుడు.

తలిదండ్రులకును మా మనవి యొకటి. బిడ్డ ఆ నాలుగు పటములకు డబ్బడిగినపుడు, ఫోనులో నున్నవి గదా యని త్రిప్పి పంపకుడు. ఏబదియేండ్ల పిదప మీ మనుమలు మీ ముఖమును చూచునది ఆ కాగితముననే కావచ్చును.