బట్టీ కాదు, చేతి సాధన కావాలె!

నల్లగొండ, సూర్యాపేట, దేవరకొండ దిక్కు నుంచి బస్సెక్కిన మన పిల్లలు ఎల్బీనగర్‌ల దిగుతరు. అక్కడి నుంచి చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ దాకా మెట్రో కింద రోడ్డుకు రెండు పక్కలా కోచింగు బోర్డులే. ఒకప్పుడు గ్రూప్స్, డీఎస్సీ బోర్డులే చూసేటోళ్లం. ఇప్పుడు వాటి పక్కన సీసీఎన్‌ఏ, సెక్యూరిటీ ప్లస్ బోర్డులున్నయి. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే పనికి మొదటిది, వాటిని దొంగల నుంచి కాపాడే పనికి రెండోది పరీక్ష. పెట్టేది సర్కారు కాదు, అమెరికా సంస్థలు.

సీసీఎన్‌ఏ ఫీజు 300 డాలర్లు. పన్నుతో కలిపి పాతికవేలు దాటుతది. రోజుకు 500 కూలి అనుకున్నా 50 రోజుల చెమట! తప్పితే ఆ పైసలు వాపసు రావు.

ఈ పరీక్ష కులం అడగదంటరు. నిజమే, అడగదు. కానీ పైసలు అడుగుతది, ఇంగ్లీషు అడుగుతది, ఇంట్ల కంప్యూటరుందా అని అడుగుతది. ఈ మూడూ ఎవరి ఇండ్లల్ల ఉన్నయో వేరే చెప్పాలా?

ఈ భయం మీదనే 'డంప్స్' వ్యాపారం నడుస్తున్నది. డంప్స్ అంటే ఎత్తుకొచ్చిన ప్రశ్నల, జవాబుల కట్ట. మాకు తెలిసిన పిల్లగాడొకడు దాన్ని రెండు నెలలు బట్టీ పట్టిండు. పరీక్షల ప్రశ్నలు మారినయి. అమ్మ గ్రూపు లోను తీసి కట్టిన పైసలు పోయినయి. దొంగతనం దొరికితే సర్టిఫికెట్ రద్దు చేస్తరు. దొరకకుండ గట్టెక్కినా ఇంటర్వ్యూల నిలబడలేం. అప్పుడు 'వీళ్లకు మెరిట్ లేదు' అంటరు. ఆ మాట అనే సందు మనమే ఎందుకియ్యాలె?

మరి తొవ్వ ఏంది? చేసి నేర్చుకునుడే. డప్పును ఎంతసేపు మంటకు కాపాలో మన తాతలు బట్టీపట్టి నేర్చుకున్నరా? ఇదీ గంతే. సిస్కో వాళ్ల 'ప్యాకెట్ ట్రేసర్' ఉచితం, పేరు నమోదు చేసుకుంటే చాలు. రౌటర్లు కొనకుండనే తెర మీద వైర్లు కలపొచ్చు, తెంపొచ్చు, మళ్లీ కలపొచ్చు. 256 అడ్రసుల నెట్‌వర్కును 4 సమాన భాగాలు చెయ్యండి. ఒక్కోదాంట్ల 64. మొదటిది ఆ వాడ పేరు, చివరిది వాడంతటికీ వేసే దండోరా, నడుమ 62 ఇండ్ల నంబర్లు. ఈ లెక్క కాగితం మీద రోజూ చేస్తే ప్రశ్న ఎటు తిప్పి అడిగినా భయముండదు. సెక్యూరిటీ ప్లస్‌కు 90 నిమిషాలు, ఎక్కువల ఎక్కువ 90 ప్రశ్నలు. అందులో చేసి చూపాల్సినవీ ఉంటయి. బట్టీ అక్కడ పనిచెయ్యదు.

కార్యకర్తలకు ఒక మాట. భాగ్యరెడ్డి వర్మ నిజాం కాలంల ఇదే హైదరాబాదుల మన పిల్లలకు బడులు పెట్టిండు. ఇయ్యాల అంబేద్కర్ భవనంల రెండు పాత కంప్యూటర్లు పెట్టలేమా? పాసైన చెల్లెనో తమ్ముడో ఆదివారం వచ్చి ఐదుగురికి చెప్పలేరా? తెలుగుల చెప్తే ఇంగ్లీషు భయం సగం పోతది. ఎస్సీ స్టడీ సర్కిళ్లల్ల ఈ శిక్షణ పెట్టాలని, పరీక్ష ఫీజు కట్టాలని గట్టిగ అడగాలె.

సర్టిఫికెట్ వస్తే కులం పోతదని మేం చెప్పం. ప్రైవేటు కొలువుల్ల మనకు రిజర్వేషన్ లేదు. ఆ కొట్లాట ఆగొద్దు. కానీ కొట్లాడే చేతికి పని కూడా వచ్చి ఉండాలె!