ముక్కుకు ఘాటు.. మనసుకు చేటు
గుంటూరు: వేసవి సీజన్‌లో మిర్చి యార్డు టిక్కీలతో కిటకిటలాడుతుంది. వాటిని మోసే హమాలీలు రోజంతా పీల్చేది ఘాటు ధూళినే. కాయలోని క్యాప్సైసిన్ ముక్కు లోపలి పొరను మండిస్తుంది. తుమ్ములతో మొదలై దిబ్బడగా మారే బాధ పని సాగినంత కాలం వీడదు.

ముక్కు మూసుకుపోతే రాత్రి నోటితోనే ఊపిరి తీయాలి. గొంతు ఎండి నిద్ర చెదురుతుంది. నిద్ర కరవైతే ఒంట్లో సత్తువ సన్నగిల్లి, మనసులో చిరాకు, దిగులు పెరుగుతాయి. బస్తాల లెక్కన కూలి అందేవారికి ఆ నీరసం రాబడికే కోత.

దిబ్బడ తగ్గించే చుక్కల మందును ఐదారు రోజులకు మించి వాడితే సమస్య మరింత ముదురుతుంది. వైద్యుల సలహాతో వాడే స్ప్రేలు మేలు. అయినా ధూళిని అదుపు చేయనిదే, మాస్కులు అందించనిదే ఏ మందు ఫలితమూ నిలవదు. దీన్ని మామూలు జలుబుగా కొట్టిపారేయడం తగదు.