ఇంటూ 85

అమెరికాలో కాపురం పెట్టిన ప్రతి తెలుగింట్లోనూ ఒక లెక్కల మాస్టారు ఉంటారు. ఇండియన్ స్టోర్లో మనం ఏ కూరగాయ చేతిలోకి తీసుకున్నా వెనకనుంచి ఆయన గొంతు వినపడుతుంది. "ములక్కాడలు పౌండు నాలుగు డాలర్లా? ఇంటూ 85... మూడు వందల నలభై! పౌండంటే అరకిలో కూడా కాదు. మా ఊళ్ళో అడిగితే ఊరికే ఇస్తారు." అంతే, ములక్కాడలు మళ్ళీ వాటి చోటికి వెళ్ళిపోతాయి. ఆ ఆదివారం సాంబార్లో ఉల్లిపాయలే గతి.

ఈ మాస్టారి మీద నాకు చాలా ఏళ్ళుగా కోపం. ఇవాళ అదంతా కక్కేద్దామని కూర్చున్నాను.

నేను డాలస్ పక్కకి కాపురానికి వచ్చిన 2010లో ఇంటూ 45 ఉండేది. తర్వాత 60 అయింది, 75 అయింది, ఇప్పుడు 85 కూడా దాటేసింది. ఒక్క నిమిషం ఆలోచించండి. రూపాయి పడిపోయిన రోజున మా ఇంటి దగ్గర షాపులో గాలన్ పాల రేటు మారలేదు. మా వారి జీతం డాలర్లలోనే పడింది. పాలు కొన్నదీ ఆ డాలర్లతోనే. జీతంలో లేని రూపాయి, బిల్లులో లేని రూపాయి, మా వంటింటి పద్దులోకి మాత్రం వచ్చి కూర్చుని పాల ధర పెంచేసింది! ఇదెక్కడి లెక్కండీ?

కొత్తగా వచ్చినవాళ్ళు నాలుగు నెలలు గుణించుకుంటే నేనేమీ అనను. తెలియని ఊరు, తెలియని రేట్లు, పౌండ్లు, ఔన్సులు, గాలన్లు. అక్కడైతే ప్యాకెట్ మీద అన్ని పన్నులూ కలిపి ఎంఆర్‌పీ అని అచ్చేసి ఉంటుంది. ఇక్కడ అదీ లేదు. ఒకే షాంపూ మూడు షాపుల్లో మూడు రేట్లు, పైగా కౌంటర్ దగ్గరికి వెళ్ళాక మా ఊళ్ళో 8.25 శాతం పన్ను. (బియ్యానికీ కూరలకీ పాలకీ టెక్సస్‌లో ఆ పన్ను ఉండదు. సబ్బులకీ గిన్నెలకీ ఉంటుంది. కొత్తవాళ్ళు గుర్తుపెట్టుకోండి.) ఇంత గందరగోళంలో మనసుకి తెలిసిన లెక్క రూపాయే కాబట్టి దాన్ని పట్టుకుంటాం. నా గొడవ వాళ్ళతో కాదు. పదేళ్ళు దాటి, ఇల్లు కొనుక్కుని, రెండు కార్లు పెట్టుకుని కూడా కరివేపాకు దగ్గర గుణించేవాళ్ళతో.

అసలు ఆ 85 అనే అంకె అది బ్యాంకు రేటు, బతుకు రేటు కాదు. ఇక్కడ ఒక డాలరు పెట్టి కొనగలిగేది ఇండియాలో కొనాలంటే ఎన్ని రూపాయలు కావాలో ప్రపంచ బ్యాంకు లెక్క కడుతుంది. అన్ని రకాల ఖర్చులూ కలిపి సగటున చూస్తే అది 20 రూపాయల పైచిలుకే. గుణించక తప్పదంటే దాంతో గుణించండి. నాలుగు డాలర్ల ములక్కాడలు 80, 90 రూపాయల్లోకి వచ్చేస్తాయి. ఎంత తేలిగ్గా గొంతు దిగుతాయో చూడండి!

ఈ తేడా ఎందుకొచ్చిందో కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. ఇక్కడ మెషీన్‌లోంచి వచ్చేవి, పెద్ద పొలంలో ట్రాక్టర్లతో పండేవి మరీ అంత ఖరీదు కాదు. పాలు, నూనె, గోధుమపిండి, చికెన్, బట్టలు, టీవీలు ఇక్కడి జీతంతో పోలిస్తే చవకే. మనిషి చెయ్యి పడితే మాత్రం రేటు ఆకాశంలో ఉంటుంది. జుట్టు కత్తిరించడం, కుళాయి బాగుచేయడం, జాకెట్టు కుట్టడం, పిల్లని చూసుకోవడం. మనిషి గంట కష్టానికి ఇక్కడ చట్టం పెట్టిన ఖరీదు ఉంది. టెక్సస్‌లో అది 2009 నుంచీ కనీసం 7.25 డాలర్లు. అది చాలదని ఇక్కడివాళ్ళే దెబ్బలాడుతున్నారు, అది వేరే సంగతి. అంటే అక్కడ మనం చవకగా బతికింది వస్తువులు చవకై కాదు, మనుషులు చవకై. అంట్లు తోమే ఆవిడ, ఇస్త్రీ బండి అబ్బాయి, గుమ్మం దగ్గరికి ఆకుకూరలు తెచ్చే మామ్మగారు, వాళ్ళకి మనం ఇచ్చిన డబ్బు తక్కువ కాబట్టి మన బతుకు చవగ్గా జరిగింది.

మరి ఇక్కడికొచ్చాక ఆ మనుషులంతా ఏమయ్యారు? ఎక్కడికీ పోలేదు. అందరూ కలిసి ఒక్క మనిషిలోకి దూరారు, ఆ మనిషి ఇంటావిడ. అంట్లు నేనే, ఇస్త్రీ నేనే, పిల్లాడికి జుట్టు కత్తిరించేది నేనే, వాడిని ఈతకీ లెక్కల క్లాసుకీ దించే డ్రైవర్నీ నేనే. ఒక్క పసిపిల్లని డే కేర్‌లో వేస్తే ఇక్కడ నెలకి వెయ్యి డాలర్లు దాటిపోతుంది. ఇంటూ 85 చేయండి మాస్టారూ, ఎనభై అయిదు వేలు! ఆ ఎనభై అయిదు వేలు ఇంట్లోనే మిగిల్చిన మనిషి కొత్తిమీర కట్ట తీసుకుంటే మాత్రం "డాలరున్నరా!" అని కళ్ళు తేలేస్తారు.

ఇంకో విడ్డూరం గమనించారా? ఈ గుణకారం అన్నిటికీ ఉండదు. కొత్త ఫోన్ వెయ్యి డాలర్లు, దానికి ఇంటూ లేదు. గోల్ఫ్ కిట్టుకి లేదు. స్నేహితులతో లాస్ వేగస్ వెళ్తే లేదు. కూరగాయలకి ఉంటుంది, ఆడవాళ్ళ బ్యూటీ పార్లర్‌కి ఉంటుంది, భార్య చేరదామనుకున్న కోర్సు ఫీజుకి తప్పకుండా ఉంటుంది. జీతాన్ని కూడా గుణిస్తారండోయ్, ఊళ్ళో బంధువులకి చెప్పేటప్పుడు. 2023 జూలైలో మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతులు ఆపేసినప్పుడు చూశాం కదా! ఆఫీసులు మానేసి, షాపు తలుపు తీయకముందే క్యూ కట్టి, మామూలు రేటుకి రెట్టింపు పెట్టి సోనామసూరి బస్తాలు కార్లలో కుక్కుకొచ్చారు మగమహారాజులు. ఆ రోజు ఒక్కరి నోటినుంచీ ఇంటూ అన్నమాట వినపడలేదు. తమకి కావలసింది కదా మరి.

దీన్ని పొదుపు అంటారు గానీ, నాకు మాత్రం ఇది పెత్తనంలాగే కనిపిస్తుంది. హెచ్4 వీసా మీద వచ్చిన ఆడపిల్లల సంగతి చూడండి. అక్కడ ఉద్యోగం చేసి సొంత జీతం తెచ్చుకున్న పిల్ల, ఇక్కడికొచ్చాక పని చేయడానికి వీల్లేదు. 2015 మే నుంచి కొందరికి అనుమతి ఇస్తున్నారు, అదీ భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం ఐ-140 దాకా నడిచి ఆమోదం వచ్చాకే సాధారణంగా కుదురుతుంది. అప్పటిదాకా సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా ఉండదు. చేతిలో ఉండేది మొగుడి అకౌంటు మీద ఇచ్చిన రెండో కార్డు. ఈమె షాపులో గీకగానే ఆఫీసులో ఆయన ఫోన్ మోగుతుంది!

మొన్న స్టోర్లో ఒకమ్మాయి కరివేపాకు ప్యాకెట్ తీసి, పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టింది. వచ్చి మూడు నెలలైందట. గుంటూరులో ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేదిట. "రెండు డాలర్లంటే ఆయన తిడతారక్కా, నూట డెబ్భై రూపాయలకి కరివేపాకు ఎవరు కొంటారు అంటారు" అంది, నవ్వుతూనే. ఆ నవ్వు చూస్తే నాకు కడుపులో దేవినట్టయింది. క్లాసులో అరవై మందికి లెక్కలు నేర్పిన పిల్ల, రెండు డాలర్ల ఆకుకి జవాబు చెప్పుకోవాల్సి వస్తోంది.

"మాకు అప్పులున్నాయి, చెల్లి పెళ్ళి ఉంది, నాన్నగారి ఆపరేషన్ ఉంది, మీకేం తెలుసు" అని ఎవరైనా అంటారని తెలుసు. తెలుసండీ. మేమూ పంపాం, ఇంకా పంపుతున్నాం. ఇక్కడినుంచి అక్కడికి వెళ్ళే డబ్బుని గుణించండి, అది న్యాయమైన గుణకారం. రూపాయి పడితే అప్పు తొందరగా తీరుతుంది కూడా. మిగతా ఖర్చుకి వేరే లెక్క ఉంది. ఇంటికొచ్చే జీతంలో తిండికి ఎంత పోతోందో చూడండి. అరల మీద చిన్న అక్షరాలతో ఔన్సుకి ఎంతో రాసి ఉంటుంది, అది చూసి కొనండి. పెద్ద డబ్బా ఎప్పుడూ చవకని నమ్మకండి. పొదుపు అంటే అదీ. తిండి బిల్లులో మిగల్చాలంటే ములక్కాడలు మానక్కర్లేదు, వారానికి రెండుసార్లు హోటల్ మానితే చాలు. ఆ మాట చెప్తే మాత్రం మాస్టారికి నచ్చదు.

మా ఇంట్లో కిరాణాకీ నా చేతి ఖర్చుకీ ఇంత అని ఒకటో తారీఖున నా పేరున్న అకౌంటులో పడిపోతుంది. దేనికెంత పెట్టావని అడగడం లేదు. ఇది దానం కాదు, నేను చేసే చాకిరీకి నా వాటా అని చెప్పి మా వారిని ఒప్పించడానికి రెండేళ్ళు పట్టింది. ఇప్పటికీ పనసకాయ ముక్కల దగ్గర నిలబడితే ఆయన పెదాలు కదులుతుంటాయి, లోపల గుణకారం నడుస్తోందని నాకు తెలుసు. బయటికి మాత్రం "చిన్న ముక్క చాలేమో" అంటారు. నేను పెద్దదే తీసుకుంటాను.