ముందు ఒకటి పగలగొట్టి చూడాలి

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణాన్ని ఆనుకొని హిజ్లీ ఉంది. పశ్చిమ బెంగాల్‌లో ఉన్నా అక్కడ తెలుగు బాగానే వినిపిస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపు వెలిసిన నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వాళ్ళు పని కోసం వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. మీలో కొందరికి అక్కడ చుట్టాలు కూడా ఉండవచ్చు. హిజ్లీలో బ్రిటిష్ ప్రభుత్వం స్వాతంత్ర్య యోధులను నిర్బంధించిన భవనంలోనే 1951లో మన దేశపు మొదటి ఐఐటీ ప్రారంభమైంది.

ఆ ఐఐటీలో చదివిన తెలుగువారిలో పవన్ కుమార్ చందన ఒకరు. ఆయన, నాగభరత్ డాకా కలిసి 2018లో హైదరాబాదులో స్కైరూట్ అనే రాకెట్ల సంస్థను స్థాపించారు. వారి విక్రమ్-ఎస్ రాకెట్టు 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి లేచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళింది. పొడవు 6 మీటర్లు, బరువు 545 కిలోలు. మన దేశంలో ఒక ప్రైవేటు సంస్థ ఎగరేసిన మొదటి రాకెట్టు అదే. దాని ఒడలు ఉక్కుతో కాక కార్బన్ పోగులతో తయారయింది.

ఇలాంటి వార్త చదివినప్పుడు మనల్ని ముందుగా ఆకర్షించే మాట “తేలిక”. ఉక్కు కంటే తేలిక, అల్యూమినియం కంటే తేలిక అని చెప్పుకుంటాం. నా అభిప్రాయం వేరు. ఇంధనపు ట్యాంకును దాని తేలికదనం చూసి మెచ్చుకోకూడదు. దాన్ని ఎంత కఠినంగా, ఎంత ముందుగా పరీక్షించారో చూసి మెచ్చుకోవాలి.

ముందు ఆ పదార్థం సంగతి చూద్దాం. పల్లెల్లో మట్టిగోడ పెట్టేటప్పుడు మట్టిలో వరిగడ్డి కలిపి తొక్కుతారు. మట్టి ఒక్కటే అయితే బీటలు వారుతుంది, గడ్డి ఒక్కటే అయితే నిలబడదు. రెండూ కలిస్తే గోడ నిలుస్తుంది. కాంపోజిట్ అంటే ఇదే. మట్టికి బదులు రెజిన్ అనే జిగురు, గడ్డికి బదులు వెంట్రుక కంటే సన్నని కార్బన్ పోగులు ఉంటాయి. చేనేత ఇళ్ళలో కండెకు నూలు చుట్టడం చూసే ఉంటారు. జిగురులో తడిపిన పోగును యంత్రం అలాగే ఒక అచ్చు చుట్టూ, ఒక్కో పొరను ఒక్కో వాలులో చుడుతుంది. తరువాత వేడిచేసి గట్టిపరుస్తారు. మధ్యలో ఒక గాలిబుడగ చిక్కుకుందనుకోండి, ఒక పోగు వదులైందనుకోండి, పైకి ఏమీ కనిపించదు. ఇనుప డబ్బా కిందపడితే సొట్ట పడి తన దెబ్బను తానే చూపిస్తుంది. కాంపోజిట్ పైకి నున్నగానే ఉండి లోపల పొర విడిపోవచ్చు. అందుకే పరీక్ష.

విక్రమ్-ఎస్‌లోది ఘన ఇంధనం. ఇంధనం పోతపోసిన తొడుగే దానికి ట్యాంకు, అదే పొయ్యి కూడా. ద్రవ ఇంధనమైతే ట్యాంకు వేరుగా ఉంటుంది. ఏదైనా లోపలి ఒత్తిడికి తట్టుకోవాలి.

ఒత్తిడి పరీక్ష వర్క్‌షాపుల వాళ్ళకు కొత్త కాదు. ఆవిరి ఇంజన్ల కాలంలో బాయిలరు మరమ్మతు అయ్యాక దాన్ని నీటితో నింపి, రోజూ పనిచేసే ఒత్తిడి కంటే ఎక్కువ ఒత్తిడి పెట్టి చూసేవారు. గాలితో కాక నీటితోనే ఎందుకు? నొక్కిన గాలి వదిలితే బాంబులా వ్యాకోచిస్తుంది. నీరు దాదాపుగా కుదించుకుపోదు కాబట్టి బాయిలరు పగిలినా చిమ్ముతుందే తప్ప పేలదు. ఎంతో తెలివైన పద్ధతి ఇది. రాకెట్టు తొడుగులనూ ఇలా పరీక్షిస్తారు.

కాని ద్రవ హైడ్రోజన్ ట్యాంకుకు నీటి పరీక్ష చాలదు. ద్రవ హైడ్రోజన్ మైనస్ 253 డిగ్రీల చల్లన. అంత చలిలో పోగు ఒక తీరున, జిగురు మరో తీరున ముడుచుకుంటాయి. జిగురులో కంటికి కనిపించని బీటలు పడతాయి. పైగా హైడ్రోజన్ అణువు అన్నిటికంటే చిన్నది, ఆ బీటల్లోంచి జారుకుంటుంది. అసలు ద్రవంతో, అసలు చలిలో చూస్తే తప్ప ఈ సంగతి బయటపడదు.

అమెరికాలో ఎక్స్-33 అనే అంతరిక్ష విమానం విషయంలో ఇదే జరిగింది. దాని కాంపోజిట్ హైడ్రోజన్ ట్యాంకు గోడలో రెండు పలచని పొరల మధ్య తేనెపట్టులాంటి గదులు ఉండేవి. 1999 నవంబరులో హంట్స్‌విల్‌లోని నాసా కేంద్రంలో దాన్ని ద్రవ హైడ్రోజన్‌తో పరీక్షించారు. నింపినప్పుడు నిలిచింది, బరువులు మోపినప్పుడూ నిలిచింది. ఇంధనాన్ని తీసేశాక, ట్యాంకు వెచ్చబడుతూ ఉండగా గోడ పొరలు విడిపోయాయి. లోపలి పొర బీటల గుండా హైడ్రోజన్ ఆ గదుల్లోకి చేరింది. వెచ్చబడగానే అది వాయువై ఉబ్బి గోడను చీల్చింది. అప్పటికే విమానంలో చాలా భాగం ఈ ట్యాంకు చుట్టూ తయారై కూర్చుంది. 2001లో పథకాన్నే రద్దు చేశారు. నాసా ఒక్కదానికే 90 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది.

ట్యాంకు పగలడం ఇక్కడ తప్పు కాదు. అంత ఆలస్యంగా పగలడమే తప్పు.

“మనది పేద దేశం, పగలగొట్టడానికని ఒక ట్యాంకు చేయిస్తామా?” అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు కూడా నాసా దగ్గరే ఉంది. తరువాతి ప్రయత్నంలో వాళ్ళు ఒక్కసారే పెద్దదానికి పోలేదు. బోయింగ్ సంస్థతో ముందు 2.4 మీటర్ల అడ్డుకొలత గల ట్యాంకు చేయించి 2013లో పరీక్షించారు. ఆ తరువాతే 5.5 మీటర్లది చేయించి 2014లో ద్రవ హైడ్రోజన్ నింపి చూశారు. నిలిచింది. చిన్నది ముందుగా పగిలితే పోయేది చిన్న మొత్తమే. పేదవాడికే ఈ పద్ధతి ఎక్కువ అవసరమని నేనంటాను.

పరీక్ష చెప్పిన మాట వినడం మరో సంగతి. స్పేస్‌ఎక్స్ సంస్థ 2016లో 12 మీటర్ల అడ్డుకొలత గల కార్బన్ ట్యాంకును లోకానికి గొప్పగా చూపించింది. పరీక్షల్లో అది పగిలింది. 2019 జనవరి నాటికి ఆ సంస్థ పెద్ద రాకెట్టుకు కార్బన్ వదిలి స్టెయిన్‌లెస్ స్టీలుకు మారింది. కార్బన్ కిలో 135 డాలర్లు, స్టీలు కిలో 3 డాలర్లు అని ఎలాన్ మస్క్ లెక్క చెప్పాడు. పైగా కార్బన్‌లో మూడో వంతుకు పైగా కత్తిరింపుల్లోనే పోతుందట. ఊరంతా చూసిన వస్తువును తానే పక్కన పెట్టడానికి ధైర్యం కావాలి. అలాగని కార్బన్ పనికిరాదని కాదు. ఘన ఇంధనపు తొడుగుకు ఆ గడ్డకట్టే చలి బాధ లేదు. స్కైరూట్ కాంపోజిట్ తొడుగుతో చేసిన కలామ్-1200 మోటారు 11 మీటర్ల పొడవు, 30 టన్నుల ఇంధనం కలది. 2025 ఆగస్టులో దాన్ని శ్రీహరికోటలో నేలమీదే బిగించి మండించి చూశారు. ఎగిరే రాకెట్టు వార్త మొదటి పేజీలో వస్తుంది, ఈ నేలమీది మంట ఏ లోపలి పేజీలోనో ఉంటుంది. నన్నడిగితే రెండింటికీ సమానమైన చోటు ఇవ్వాలి.

ఇంకొక మాట. ఈ పరీక్షలను ఇంజనీర్లు ఒక్కరే చేయరు. పోగు చుట్టేవారు, అతుకు చూసేవారు, మీటరు చదివేవారు ఉంటారు. వీరిలో ఐటీఐ చదివినవారు, పనిలోనే నేర్చుకున్నవారు చాలామంది. “ఈ పొరలో తేడా ఉంది, ఆపండి” అని చెప్పే హక్కు వారికి ఉండాలి. అలా చెప్పినందుకు ఆలస్యం చేశాడని చీవాట్లు పడితే, రెండోసారి ఎవరూ నోరు తెరవరు.

పరీక్ష గడువు మీ వంటింట్లోనూ ఉంది. ఉక్కు గ్యాసు సిలిండరు పైభాగంలో, పిడి కింది పట్టీల్లో ఒకదాని లోపలివైపు ఒక అక్షరం, రెండంకెలు రాసి ఉంటాయి. సంవత్సరాన్ని మూడేసి నెలల చొప్పున ఎ, బి, సి, డి అని నాలుగు భాగాలు చేశారు. “బి-28” అని ఉంటే 2028 జూన్ నెలాఖరులోగా దానికి మళ్ళీ ఒత్తిడి పరీక్ష జరగాలి. గడువు దాటిన సిలిండరు తెచ్చిన మనిషికి దాన్ని తిరిగి ఇచ్చేయండి, మొహమాటపడవద్దు.