స్వయంపఠనమునకు గణితము

విద్యార్థి తనంతట తాను చదువుకొను వేళనుగూడ విశ్వవిద్యాలయములు లెక్కకు దెచ్చుచున్నవి. 2023లో వెలువడిన జాతీయ క్రెడిట్ విధానము ప్రకారము క్రెడిట్టునకు 30 గంటల శ్రమ. సంవత్సరమునకు 40 క్రెడిట్లు, అనగా 1200 గంటలు. తరగతి, ప్రయోగశాల, స్వయంపఠనము అన్నియు నిందులోనివే. ఇది పరాయి ప్రభుత్వము విధించినది గాదు. సరిదిద్దుకొను బాధ్యతయు మనదే.

లెక్కను మేము నిరసింపము, గుణించియే చూతము. ఏడాదిలో 40 వారములు చదువు సాగినచో వారమునకు 30 గంటలు. తరగతులకు 20 పోయిన, స్వయంపఠనమునకు 10 మిగులును. ఇక వంశధార సముద్రమున గలియు కళింగపట్నమునుండి శ్రీకాకుళమునకో, ఎచ్చెర్లకో పోయివచ్చు పిల్లవానిని దలపుడు. బస్సుకై నిలుచుటయు, బస్సులో నిలుచుటయు గలిపి దినమునకు రెండు గంటలనుకొన్నను, ఆరు దినములకు 12 గంటలు! స్వయంపఠనమునకు మిగిలిన కాలముకంటె దారి మ్రింగు కాలమే యెక్కువ. ఈ పండ్రెండు గంటలకు క్రెడిట్టు లేదు.

గంటలు కూడినంతమాత్రమున విద్య కూడదు. 1885లో జర్మను పండితుడు ఎబ్బింగ్‌హౌస్ అర్థములేని అక్షరముల కూర్పులను తానే వల్లెవేసి, కొంతకాలమునకు వానిని మరల నేర్చుటలో నెంత శ్రమ తప్పునో కొలిచెను. గంట గడచునప్పటికి నూటికి 44 పాళ్లు, దినమునకు 34, నెలకు 21 పాళ్లు మాత్రమే కలిసివచ్చెను. అర్థమెరిగి చదివినది ఇంత త్వరగా జారిపోదు. ఒక్క మనుష్యుని జ్ఞాపకమునుండి పుట్టిన రేఖ యందరికి కొలబద్దయు గాదు. అయినను మరపు తొలిదినమునందే వేగముగా బనిచేయునని దానివలన దేలినది. నేడు విన్న పాఠమును నేటి రాత్రియే మరల జూడవలయును. ఎచ్చట గూర్చుండి చూడవలయును?

ఇదే వంశధార యొడ్డున, ముఖలింగమునకు దాపున, పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండియే సొంతముగా జదివి బి.ఏ. పరీక్షయందు కృతార్థులైరి. ముఖలింగ శాసనముల లిపియు, సవర భాషయు స్వకృషిచేతనే సాధించిరి. (మా గ్రాంథికమును వారు మన్నింతురుగాక!) అట్టి మహనీయుని జూపి, తక్కిన పిల్లలకు దీపము, బల్ల, పుస్తకము అక్కరలేదనుట న్యాయము గాదు.

1960 నాటి చట్టముక్రింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయముల నిమిత్తము ప్రజలు చెల్లించుచున్నారు. విశ్వవిద్యాలయపు గణితశాఖవారు విద్యార్థులచేత ఒక నెల దినచర్య వ్రాయించి, నిదుర, దారి, ఇంటిపని, చదువు వేరువేరుగా నెక్కించి, ఊరూరికి లెక్క గట్టవలయును. పేర్లక్కరలేదు, మార్కులకు గాని హాజరునకు గాని ఆ కాగితములను వాడరాదు. ఏ యూరి పఠనమందిరము రాత్రి తొమ్మిదివరకు దెరచియుంచవలెనో, ఏ బస్సు అరగంట ముందు గదలవలెనో ఆ లెక్కయే చెప్పును. దానిని జిల్లా గ్రంథాలయ సంస్థవారి ముందును, బస్సుల యధికారుల ముందును బెట్టుడు. కళింగపట్నముతో నారంభింపుడు.