జనరల్ మజ్దూర్ డ్రూయిడ్

ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేమ్ కొత్తగా మొదలుపెట్టేవాడు అడిగే మొదటి ప్రశ్న "ఏ క్లాస్ తీసుకోవాలన్నా?" అని. దానికి మన హాస్టల్లో దొరికే జవాబు కూడా ఒక్కటే. "మేజ్ తీస్కో, లేకుంటే రోగ్ తీస్కో. డ్యామేజ్ కొట్టుకుంట పోవుడే. హైబ్రిడ్ జోలికి మాత్రం పోకు, ఎటూ గాకుండ అయితవ్." నేను ఆ జోలికి పోయినవాణ్ణి. ఎటూ కాకుండా కూడా కొన్నాళ్ళు ఉన్నాను. అయినా మనలాంటి వాళ్ళు, అంటే నలుగురైదుగురు దోస్తులు వీలు దొరికినప్పుడు కలిసి ఆడుకునేవాళ్ళు, వాళ్ళలో ఒకడైనా హైబ్రిడ్ తీసుకోవాలని నా వాదన.

ఆడని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇలాంటి ఆటల్లో గ్రూపులో మూడు రకాల పనులుంటాయి. ముందు నిలబడి దెబ్బలు తినేవాడు ట్యాంక్. వాడి ప్రాణం పోకుండా చూసేవాడు హీలర్. మిగిలినవాళ్ళు శత్రువుని కొట్టేవాళ్ళు. కొన్ని క్లాసులకు కొట్టడం ఒక్కటే తెలుసు. కొన్నింటికి రెండు మూడు పనులు వస్తాయి, వాటినే హైబ్రిడ్ అంటారు. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో డ్రూయిడ్ అలాంటిదే. ఎలుగుబంటి రూపంలో ట్యాంక్, పిల్లి రూపంలో కొట్టుడు, మామూలు రూపంలో వైద్యం, మంత్రాలు.

ఇంటర్ అయిపోయిన ఎండాకాలం బెల్లంపల్లిలో మేం ఐదుగురం దాని పాత రూపం, 2019లో మళ్ళీ విడుదల చేసిన క్లాసిక్, ఆడాం. నెలనెలా చందా కట్టాలి. ఆ డబ్బు ఎట్లా పుట్టించామో ఇక్కడ రాయను, ఇళ్ళల్లో ఈ పత్రిక చదువుతారు. ఒకడు వారియర్, ఒకడు ప్రీస్ట్, ఒకడు మేజ్, ఒకడు రోగ్. నేను డ్రూయిడ్ ఎందుకు తీసుకున్నానంటే, నిజం చెప్పాలి, పిల్లిగా మారొచ్చు అని. పిల్లి రూపం 20వ లెవెల్‌కి గానీ రాదని తర్వాత తెలిసింది. అప్పటిదాకా 10వ లెవెల్‌లో వచ్చిన ఎలుగుబంటితోనే సంసారం.

మా మొదటి పెద్ద పరీక్ష డెడ్‌మైన్స్. పేరే గని. బొగ్గుబాయి ఊరి పిల్లలం, ఆటలో కూడా బాయిలోకే దిగాం. ఆ గనిలో దాక్కున్న డెఫియాస్ ముఠా కథ బాగుంటుంది. వాళ్ళు దొంగలుగా పుట్టలేదు, తాపీ మేస్త్రీలు. యుద్ధంలో కూలిపోయిన స్టార్మ్‌విండ్ నగరాన్ని మళ్ళీ కట్టినవాళ్ళు. కట్టించుకున్న దొరలు కూలి ఎగ్గొడితే తిరగబడ్డారు. ఈ కథ బాపుకి చెబితే "కూలియ్యకుంటె గంతే మరి. అసొంటోళ్ళను మీరెందుకు సంపుతున్నర్‌రా?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు, ముఠా నాయకుడు వాన్‌క్లీఫ్ దగ్గర మంచి కత్తులున్నాయి అంతే.

ఆ వాన్‌క్లీఫ్ గుహ లోపల ఓడ మీద ఉంటాడు. కొట్లాట మధ్యలో తన మనుషుల్ని పిలుస్తాడు. సరిగ్గా వాడు పిలిచిన టైముకి మా ప్రీస్ట్ ఇంట్లో కరెంటు పోయింది. ఇన్వర్టర్ లేదు. హీలర్ లేని గ్రూపు అంటే రెండు నిమిషాల ముచ్చట. నేను అప్పటిదాకా దూరంగా నిలబడి చిన్న చిన్న మంత్రాలు విసురుతున్నాను. అవి ఆపి వారియర్‌కి వైద్యం మొదలుపెట్టాను. మానా అడుగంటింది, వారియర్ పడిపోయాడు. రూపం మార్చడానికి కూడా మానా కావాలి. మిగిలిన కాస్తతో ఎలుగుబంటినై వాన్‌క్లీఫ్‌ని నా మీదికి తిప్పుకున్నాను. నేను చచ్చే లోపు మేజ్, రోగ్ కలిసి వాణ్ణి ముగించారు.

ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూపులో మేజ్‌గాడు పెట్టిన స్క్రీన్‌షాట్ డ్యామేజ్ మీటర్‌ది. ఎవరెంత కొట్టారో వరసగా లెక్క. నేను నాలుగోవాణ్ణి. నా కింద కరెంటు పోయిన ప్రీస్ట్ ఒక్కడే. "డ్రూయిడ్ దండుగ రా" అని కింద రాశాడు, నవ్వే బొమ్మలతో. నాకు నవ్వు రాలేదు.

నా మొదటి ఫిర్యాదు ఆ మీటర్ మీదే. కొట్టిన దెబ్బలు లెక్కేస్తుంది. వైద్యానికి ఇంకో పేజీ ఉంటుంది గానీ దాన్ని ఎవరు తెరుస్తారు? ఇక కొట్టుడు ఆపి వైద్యానికి, వైద్యం ఆపి దెబ్బలు తినడానికి మారిన ఆ రెండు క్షణాలు ఏ పేజీలోనూ ఉండవు. హైబ్రిడ్ పనంతా ఆ క్షణాల్లోనే ఉంటుంది.

ఈ చిన్నచూపు మా మేజ్‌గాడితో మొదలు కాలేదు. 1987 నాటి మొదటి ఫైనల్ ఫాంటసీలో రెడ్ మేజ్ ఉన్నాడు. కత్తి పడతాడు, తెల్ల మంత్రాలూ నల్ల మంత్రాలూ రెండూ వస్తాయి, కానీ పై స్థాయి మంత్రాలు వాడికి అందనివ్వరు. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ ఇంకా దారుణం. అందులో హైబ్రిడ్ క్లాసులకు లెవెల్ పెరగాలంటే మిగతావాళ్ళ కన్నా ఎక్కువ ఎక్స్‌పీరియన్స్ కావాలి, పైగా వాళ్ళని గ్రూపులోకి తీసుకుంటే పక్కవాళ్ళ వాటా కూడా తగ్గేది. ఇక ఎవరు పిలుస్తారు? తర్వాత ఆ నిబంధన తీసేశారనుకోండి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో దీనికి ఆటగాళ్ళు పెట్టిన పేరు హైబ్రిడ్ ట్యాక్స్. నీకు నాలుగు పనులొచ్చు కాబట్టి ఏ పనిలోనూ ఒక్కపనివాడంత ఇవ్వం అని.

ట్యాక్స్ వైపు కూడా న్యాయం ఉంది. మేజ్ అంత గట్టిగా డ్రూయిడ్ కూడా కొట్టగలిగితే, ఆపైన వైద్యమూ చేయగలిగితే, మేజ్‌ని ఎవరు తీసుకుంటారు? నేనైతే తీసుకోను. కానీ ట్యాక్స్ కట్టించుకున్నాక ఆ నాలుగు పనులూ చేయనివ్వాలి కదా. పాత వార్‌క్రాఫ్ట్‌లో 40 మంది కలిసి వెళ్ళే రెయిడ్లలో డ్రూయిడ్ అంటే హీలర్, అంతే. పిల్లిగా వస్తానంటే నవ్వేవాళ్ళు. డ్రూయిడ్లకి ఇచ్చిన స్టార్మ్‌రేజ్ కవచం సెట్టు కూడా వైద్యం కోసం చేసిందే. అంత పెద్ద గుంపులో ఒక్కో పనికి పదిమంది దొరుకుతారు, మారగలిగేవాడితో అవసరం ఉండదు. అందుకే పెద్ద గిల్డ్‌లో చేరి రెయిడ్లు చేయాలనే ఉద్దేశం ఉంటే నా సలహా వినకండి, మేజ్ తీసుకోండి. ఐదుగురిలో సంగతి వేరు. ఒక్కడు తగ్గితే 20 శాతం పోయినట్టే, ఆ ఒక్కడు హీలర్ అయితే మొత్తం పోయినట్టే. కరెంటు, నెట్టు, ఇంట్లో పిలుపులు, వీటన్నిటి మధ్య ఆడే మనకి అది ఎప్పుడో ఒకసారి జరిగేది కాదు, రోజూ జరిగేదే.

ఇంకో ఖర్చు కూడా ముందే తెలుసుకోవాలి. టాలెంట్ పాయింట్లు 60వ లెవెల్‌కి మొత్తం 51. అన్ని వైపులా తలా కొంచెం పంచితే నిజంగానే ఎటూ కాకుండా పోతాం. మార్చుకోవాలంటే మొదటిసారి ఒక గోల్డ్, తర్వాత 5, అలా పెరుగుతూ 50 దాకా పోతుంది. వైద్యానికి ఒక రకం బట్టలు, ఎలుగుబంటికి ఇంకో రకం. మొదట ఇచ్చే సంచిలో 16 గళ్ళే ఉంటాయి. మేజ్‌గాడు దొరికిన సామానంతా అమ్ముకుని గుర్రానికి డబ్బులు కూడబెడుతుంటే నేను రెండు జతల బట్టలు మోసుకుని తిరిగాను.

అన్నిటికన్నా పెద్ద ఖర్చు గ్నోమెరిగన్‌లో కట్టాను. నాకప్పుడు 29వ లెవెల్, పిల్లి రూపం వచ్చి ఉంది, మీటర్‌లో పైకెక్కాలనే కసి కూడా ఉంది. ప్రీస్ట్ "మానా అయిపోయింది!" అని హెడ్‌సెట్‌లో అరిచాడు. పిల్లిగా ఉండి వైద్యం చేయలేం, ఆ రూపం వదలాలి. ఇంకొక్క దెబ్బ కొట్టి వదుల్దాం అనుకున్నాను. ఆ తర్వాత ఇంకొక్కటి. వారియర్ పోయాడు. కొట్లాట మధ్యలో చచ్చినవాణ్ణి లేపే రీబర్త్ మంత్రం డ్రూయిడ్‌కే ఉంటుంది. దానికి మేపుల్ సీడ్ అనే విత్తనం చేతిలో ఉండాలి. నా సంచిలో పనికిరాని తోళ్ళున్నాయి, విత్తనం లేదు. ఐదుగురం చచ్చాం. రెండు గంటల ఆట పాయె.

ఈసారి స్క్రీన్‌షాట్ ఎవరూ పెట్టలేదు. "ఉంటే హీలింగ్ బట్టలేస్కొని హీలర్‌గా ఉండు, లేకుంటే ఇంకో మేజ్‌ని చూస్కుంటం" అన్నారు. ఐదో తరగతి నుంచి దోస్తులు. వారం రోజులు ఆట తెరవలేదు, బజారు వైపు పోతే ఎదురుపడతారని అటు కూడా పోలేదు.

ఇంట్లో ఖాళీగా కూర్చుంటే బాపు అడిగాడు. ఆట సంగతి సగమే అర్థమైంది గానీ, నాలుగు పనులొచ్చి ఒక్క పేరూ లేనివాడి సంగతి ఆయనకి నాకన్నా బాగా తెలుసు. సింగరేణిలో బదిలీ వర్కర్‌గా చేరి, మస్టర్లు నిండాక జనరల్ మజ్దూర్ అయి, చాలా ఏళ్ళు అక్కడే ఉన్నాడు. "ట్రామర్ రాకుంటె టబ్బుల కాడికి. టింబర్‌మన్ రాకుంటె దుంగలు మొయ్య. పంపు కాడ మనిషి లేకుంటె ఆడికి. పని అందరిదీ జేసిన, క్యాటగిరీ మాత్రం నాదే" అన్నాడు. హైబ్రిడ్ ట్యాక్స్ గురించి నేను చదివిన వాటిలో ఇంతకన్నా పొట్టిగా చెప్పినవాళ్ళు లేరు. తర్వాత ఇంకోమాట అన్నాడు. "గని ఈ పని జెయ్యాల్నా ఆ పని జెయ్యాల్నా అని బాయిల దిగినంక సోంచాయించుడు ఉండది బిడ్డా. మస్టర్ కాడనే ఓవర్‌మన్‌ని అడగాలె. ఫలానోడు రాకుంటె నేను ఫలానా కాడికి అని తెల్సుకొనే దిగాలె."

నేను గ్నోమెరిగన్‌లో చేసిన తప్పు అదే. మారడం చేతకాక కాదు, ఎప్పుడు మారాలో ముందు అనుకోక. ఫోన్ చేసి చెప్పాను, అన్నివేళలా హీలర్‌గా ఉండను, కానీ దిగే ముందే మాట్లాడుకుందాం అని. నా మొదటి పని ఏది, ప్రీస్ట్ మానా ఎంతకి తగ్గితే నేను పిల్లి రూపం వదలాలి, వారియర్ పడితే ఎవరు పట్టుకోవాలి, ఈ మూడూ. మేజ్‌గాడు "మీటింగ్ పెడ్తవా ఏందిరా" అని గునిసాడు. వారియర్ ఒప్పుకున్నాడు. ఆ వారియరే పది రోజుల తర్వాత హైదరాబాద్‌లో వాళ్ళ అక్కవాళ్ళింటికి వెళ్ళిపోయాడు, అక్కడ కంప్యూటర్ లేదు. కొత్త మేజ్ దొరికితే ట్యాంక్ దొరుకుతాడా? మిగిలిన నెలన్నర ఎలుగుబంటే ముందు నడిచింది. మీటర్‌లో నా స్థానం ఎంతో ఇప్పుడు గుర్తు లేదు.

నేను ఈసీఈ తీసుకున్నప్పుడు కూడా చుట్టాలు ఇదే మాటన్నారు, అటు సాఫ్ట్‌వేరూ కాదు ఇటు కరెంటూ కాదని. దాని మీద ఇప్పుడే అభిప్రాయం చెప్పలేను, ప్లేస్‌మెంట్లు అయ్యాక రాస్తాను.

మొన్న మందమర్రి నుంచి వచ్చిన ఫస్టియర్ తమ్ముడొకడు రూముకొచ్చి ఆ మొదటి ప్రశ్నే అడిగాడు. ఎంతమంది ఆడతార్రా అన్నాను. నలుగురం, ఒకడికి నెట్టు సరిగా ఉండదన్నా అన్నాడు. డ్రూయిడ్ తీస్కో అన్నాను. పిల్లి ఎప్పుడొస్తుందన్నా అని కళ్ళు మెరిపిస్తూ అడిగాడు. 20లో వస్తది, రీబర్త్ కూడా అదే లెవెల్‌కి వస్తది, ఆ రోజే మేపుల్ సీడ్లు ఓ ఐదు కొని సంచిలో ఏస్కో అని చెప్పాను.