పొరుగువారి పలుకు

పొందూరు పేరు చెప్పగానే సన్నని నూలుబట్ట జ్ఞాపకం వస్తుంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, ఏకులు చేసి, రాట్నంపై స్త్రీలు వడికే ఆ నూలు గాంధీమహాత్ముని మెప్పు పొందినది. 1949లో అక్కడ ఖాదీ కార్మికుల సంఘం వెలసినది. ఆ ఖాదీకి వాడే పత్తులలో ఒకదాని పేరు కొండపత్తి. వడికే ఇంట, నేసే ఇంట ఆ మాట నిత్యం వినబడేదే. పత్తి పేరులో కొండ ఉన్నది. కాని కొండమీది మనిషి భాషలో నాలుగు మాటలు తెలిసినవారు ఆ వీధులలో ఎందరున్నారని అడిగితే జవాబు దొరకడం కష్టం. ఈ కొరత పొందూరు ఒక్క ఊరిది కాదు, ఉత్తరాంధ్ర మైదానమంతటిది.

పొందూరుకు ఉత్తరంగా పాలకొండ మీదుగా సీతంపేట దారి పడితే సవరల గూడేలు కనిపిస్తాయి. 2022 వరకు సీతంపేట కూడ శ్రీకాకుళం జిల్లాలోనిదే. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. జిల్లా మారినా ఇరుగుపొరుగు మారలేదు. సవరలు సంతకు దిగివచ్చి చింతపండు, కొండచీపుళ్లు, అడ్డాకులు అమ్ముతారు. ఉప్పు, బట్ట కొని పోతారు. ఆ బేరం జరిగేది తెలుగులో. బేరానికి వచ్చిన సవర తెలుగు నేర్చుకొన్నాడు. బేరం చేసే తెలుగువాడు సవర నేర్చుకోలేదు. కలిసి బ్రదకాలనే కోరికకు ఇంతవరకు ఎవరు ఎక్కువ మూల్యం చెల్లించారో ఈ ఒక్క విషయమే చెబుతుంది.

ఈ ఇరుగుపొరుగుతనం నిన్న మొన్నటిది కాదు. ఆంధ్రుల ప్రస్తావన తొలిసారిగా కనిపిస్తుందని మన చరిత్రకారులు సగర్వంగా చూపే ఐతరేయ బ్రాహ్మణంలో ఆంధ్రుల పేరు ఒంటరిగా లేదు. విశ్వామిత్రుని శాపం పొందిన సంతతిగా ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పులిందులు, మూతిబులు ఒక్కచోటనే చెప్పబడ్డారు. ఆ శబర శబ్దమే నేటి సవర శబ్దమని పండితులు ముడిపెడతారు. వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం స్థలపురాణం, ఇప్పచెట్టులో శివుడు దర్శనమిచ్చినది శబరులకే అంటుంది. మధుకేశ్వరుడన్న పేరు ఆ చెట్టువలన వచ్చినదే. రాముడు ఎంగిలి పండ్లు తిన్నాడని తెలుగునాట ఇంటింటా చెప్పుకొనే కథలోని ముదుసలి కూడ శబరియే. పురాణంలో ఇంత దగ్గరివారైనవారు లోకవ్యవహారంలో ఎందుకు దూరమైనారు?

జవాబు కొంత పురాణాలలో కాక దస్తావేజులలో ఉన్నది. మైదానాలనుండి వెళ్లిన షావుకారు అప్పు పెట్టాడు. అప్పు వడ్డీ అయినది. వడ్డీ భూమిని మింగినది. పత్రం తెలుగులో ఉన్నది, వేలిముద్ర సవరది. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల పాలు కాకుండ మద్రాసు ప్రభుత్వం 1917లోనే చట్టం చేయవలసి వచ్చినదంటే అన్యాయం అప్పటికే ఎంత ముదిరినదో ఊహింపవచ్చును. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. 1959లో భూబదలాయింపు నిబంధన వచ్చినది. అయినను కాగితంమీది రక్షణ కొండ ఎక్కడానికి చాల కాలం పట్టినది. తాకట్టుపడిన భూములు, వెట్టిచాకిరి, అడవి సరుకుల ధరలు – ఈ బాధలతో గిరిజనులు సంఘం కట్టుకొన్నారు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో జరుగనున్న సభకు పోతున్న గిరిజనులలో ఇద్దరు లేవిడి వద్ద భూస్వాముల వర్గంవారి కాల్పులలో మరణించారు. ఆ పిమ్మట ఉద్యమం సాయుధ పోరాటంగా మారినది. ఉభయపక్షాల ఎన్నో ప్రాణాలు పోయినవి. గిరిజనుల భూమి గిరిజనేతరులకు దక్కకుండ మరింత గట్టి కట్టడి చేసిన 1970 నాటి సవరణ, అనగా జనం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని పిలుచుకొనేది, ఆ రోజులలో వచ్చినదే.

చట్టం భూమికి కంచె వేయగలదు. కాని ఇరుగుపొరుగుల మధ్య నమ్మకం పుట్టించడం చట్టానికి సాధ్యం కాదు. నమ్మకం మాటతో పుడుతుంది. ఈ సత్యాన్ని చట్టాలకంటె ముందే గుర్తించిన ఒక బడిపంతులు ఈ సీమలోనే ఉండెను.

గిడుగు వేంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న వంశధారా తీరాన పర్వతాలపేటలో జన్మించారు. 1880లో పర్లాకిమిడిలో రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైనారు. కొండలనుండి దిగివచ్చే సవరలను చూచి, వారి మాట తనకు తెలియకపోవడం తన లోపమని భావించారు. నూటికి తొంబదిమంది వారికి తెలుగు రాకపోవడం వారి లోపమనుకొంటారు. తేడా అంతా అక్కడనే ఉన్నది. సవర తెలిసిన ఒకనిని ఇంట పెట్టుకొని ఆ భాష అభ్యసించారు. సవరలో పుస్తకాలు వ్రాశారు. సొంత ఖర్చుతో వారి పిల్లలకు బడులు పెట్టారు. కొండలలో తిరుగగా వచ్చిన చలిజ్వరానికి మింగిన క్వినైనా వలన ఆయనకు చెవుడు వచ్చినది. ఒక జాతి పలుకును చెవియొగ్గి విన్న మనిషి ఆ వినికిడినే పోగొట్టుకొన్నాడు. అయినను పని ఆపలేదు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి. అప్పటికి ఆయన వయస్సు డెబ్బదియైదు.

ప్రతి యేటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుగుతుంది. వ్యావహారిక భాషోద్యమ పితామహుడని సభలలో రామమూర్తిని స్తుతిస్తారు. స్తుతి సముచితమే. కాని 1907 ప్రాంతాన ఆ ఉద్యమంలో దిగకముందే ఆయన సవరల మధ్య పనిచేస్తూ ఉండెనన్న విషయం వక్తలు ఒక వాక్యంతో దాటిపోతారు. పిల్లవానికి తెలిసిన మాటతో చదువు మొదలు పెట్టవలెనన్నది రెండింటికీ మూలసూత్రం. తెలుగు బాలునికి గ్రాంథికం ఎంత పరాయిదో సవర బాలునికి తెలుగు అంతకంటె పరాయిది. మొదటి సగం పాఠాన్ని తెలుగువారు తమకొరకు స్వీకరించి, రెండవ సగాన్ని పొరుగువారి విషయంలో మరచిపోయినారు.

ఈ పరాయితనం ఎట్టిదో ఉపాధ్యాయులు ఆలోచింపవలెను. సవర ద్రావిడ భాష కాదు. సంతాలీ, ముండారీలకు అది తోబుట్టువు. దూరాన కంబోడియా, వియత్నాం భాషలతో బంధుత్వం గలది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నాలుగు లక్షలకు పైగా జనం దానిని మాతృభాషగా చెప్పుకొన్నారు. వారిలో అధికులు ఒడిశాలో ఉన్నారు. అచ్చును కంఠంలో చటుక్కున ఆపి పలికే తీరు ఆ భాషకున్నది. దానికి తెలుగు వర్ణమాలలో అక్షరం లేదు. ఇక లెక్కల మాట. సవర లెక్కింపులో పన్నెండు ఒక మజిలీ, ఇరువది మరొక మజిలీ. పదమూడును పదిమీద మూడుగా కాక పన్నెండుమీద ఒకటిగా ఆ భాష చెబుతుంది. ఆ ఇంట పుట్టిన పిల్లవాడు బడికి వచ్చి పదుల లెక్కలో తడబడితే, సంగతి తెలియని పంతులు వానికి లెక్కలు రావని తేల్చివేస్తాడు. వానికి లెక్క రాకపోవడం కాదు. వాని లెక్క పంతులుకు రాదు. 1957 వరకు రూపాయికి పదహారణాలని లెక్కించిన తెలుగువారికి పది కాని లెక్క వింత కానక్కరలేదు.

ఈ దిశగా ప్రయత్నాలు జరుగలేదని కాదు. ప్రాథమిక విద్య మాతృభాషలో గరపే వసతి భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు కల్పింపవలెనని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతున్నది. సవర, కోయ, గోండి, కువి మొదలైన ఎనిమిది భాషలలో తెలుగు లిపితో వాచకాలు సిద్ధం చేసి, 2004 ప్రాంతాన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బహుభాషా విద్యా పథకం ఆరంభించినది. సవరలు సైతం చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. మంగేయి గొమాంగో 1936లోనే ‘సొరాంగ్ సొంపెంగ్’ అనే లిపిని తమ భాషకు కల్పించారు. అయితే పుస్తకం ఉంటే చాలదు. చదివి చెప్పే నోరు కావలెను. షెడ్యూల్డు ప్రాంతాల బడులలో ఉపాధ్యాయ పదవులన్నీ స్థానిక గిరిజనులకే చెందవలెనని 2000లో ప్రభుత్వం మూడవ నంబరు ఉత్తర్వు వెలువరించినది. నూటికి నూరుపాళ్లు ప్రత్యేకింపు రాజ్యాంగ సమ్మతం కాదని 2020 ఏప్రిలులో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది; అప్పటికే నియమితులైనవారిని మాత్రం తొలగింపలేదు. న్యాయస్థానం తీర్పు శిరోధార్యమే. కాని దానివలన మైదానాల ఉపాధ్యాయునిమీద పడిన బాధ్యతను ఎవరు చర్చిస్తున్నారు? ఆ పదవికి అర్హత కలదని వాదించి గెలిచినవారు, ఆ పిల్లల భాష నేర్చుకొనే అర్హతను కూడ సంపాదించుకోవలదా?

ఒక ఆక్షేపణ ఉన్నది. తెలుగు, ఇంగ్లీషు రాకపోతే సవర యువకునికి ఉద్యోగం రాదు. సవరలో చదువు చెబితే కొండమీదనే కట్టిపడవేసినట్లు కాదా అని కొందరంటారు. ఆక్షేపించేవారిలో సవర తల్లిదండ్రులు కూడ ఉండవచ్చును. కావున దీనిని తేలికగా త్రోసివేయరాదు. కాని కోరుతున్నది తెలుగుకు బదులు సవర కాదు. సవర మీదుగా తెలుగు. మొదటి మెట్టు తీసివేసి పిల్లవాడు పైకి రాలేదని నిందించడం న్యాయం కాదు. తన మాటకు బడిలో గౌరవం లభించిన పిల్లవాడు ఇతరుల మాటను భయం లేకుండ నేర్చుకొంటాడు.

మరొక సంగతి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు రామమూర్తి తన ఊరు వదలి రాజమహేంద్రవరం చేరారు. ఒక గీత అటునుండి ఇటు జరిగితే అధికసంఖ్యాకుడు అల్పసంఖ్యాకుడు కావడానికి ఒక్క దినం చాలును. నేటికీ పర్లాకిమిడిలో, బరంపురంలో తెలుగువారున్నారు. తమ పిల్లలకు తెలుగు బడి ఉండవలెనని వారు కోరితే ఇక్కడివారు న్యాయమే అంటారు. పర్లాకిమిడిలో న్యాయమైనది సీతంపేటలో కాకుండా పోతుందా?

సవరలు కోరుతున్నది దయ కాదు, వేరుపాటు కాదు. తమ భూమిమీద, తమ పలుకుతో, పొరుగువారికి సమానంగా బ్రదకడం. ఇందుకు చేయదగిన పని అసాధ్యమైనది కాదు. ఏజెన్సీకి పోయే ప్రతి ఉపాధ్యాయునికీ కొన్ని మాసాలు స్థానిక భాషలో శిక్షణ ఇయ్యవచ్చును. ఆ శిక్షణకు గురువులుగా సవరలనే నియమింపవచ్చును. ఉత్తరాంధ్ర కళాశాలల తెలుగు శాఖలు రామమూర్తి నిఘంటువును బీరువాలోనుండి తీసి విద్యార్థుల చేతికి ఇయ్యవచ్చును. ఆగస్టు 29 సభలో ఒక సవర వృద్ధురాలిని వేదికమీద కూర్చుండబెట్టి ఆమె కథను ఆమె భాషలో వినవచ్చును. పొందూరు విద్యార్థి సీతంపేట సంతకు పోయి, ‘దీనిని మీ భాషలో ఏమంటారమ్మా’ అని ఒక్క మాట అడుగవచ్చును.

ఆ ప్రశ్న చిన్నది. నూట ముప్పది యేండ్ల నాడు పర్లాకిమిడి పంతులు ఆరంభించిన పని కూడ ఆ ప్రశ్నతోనే ఆరంభమై ఉండవలెను.